చెయ్యి ఆగిన చోటు

తలకు ఆపరేషన్ అనగానే మనకు డాక్టరు గుర్తొస్తాడు, నర్సు గుర్తొస్తుంది, కాళ్ళలో వణుకు మొదలయ్యాక దేవుడు కూడా గుర్తొస్తాడు. వీళ్ళందరికంటే ముందు ఆ తలను చేతుల్లోకి తీసుకునే మనిషి ఒకాయన ఉంటాడన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. తల గొరగందే ఆ విభాగంలో ఏ డాక్టరూ కత్తి పట్టడు. అటువంటి ఒక మనిషిని పాఠకులకు పరిచయం చేద్దామని ఈ కథ మొదలుపెడుతున్నాను. దీని చివర ఏముందో నాకు ముందే తెలుసు కనుక, సంతోషంగా మొదలుపెడుతున్నానని మాత్రం చెప్పలేను.

ఆ పెద్దాసుపత్రిలో మెదడుకూ వెన్నెముకకూ ఆపరేషన్లు చేసే విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు దిగగానే ఎదురుగోడకు ఒక తెల్లబోర్డు కనిపిస్తుంది. ఆ ఏడాది ఎన్ని ఆపరేషన్లు జరిగాయి, ఎందరు తమ కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళారు, ఎందరు మంచం మీద వెళ్ళారు, ఎందరు చనిపోయారు అన్నది దాని మీద నెలనెలా రాస్తారు. ఆ చివరి గడిని చాలా చోట్ల అసలు గియ్యనే గియ్యరు. ఇక్కడి పెద్ద డాక్టరు దాన్ని తన చేత్తోనే గీసి, తన చేత్తోనే నింపేవాడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చెడ్డ ఆసుపత్రి కథ కాదు. చెడ్డవాళ్ళు చేసే చెడు గురించి అందరూ రాస్తారు. మంచివాళ్ళ కళ్ళెదుటే జరిగిపోయిన దాని గురించి రాయడమే కష్టం.

ఆ వరండా చివర ఒక చిన్న గది ఉంది. గోడలకు తెల్ల పలకలు, ఒక కిటికీ, ఒక తొట్టి, తిరిగే కుర్చీ ఒకటి. ఆపరేషన్‌కు వెళ్ళే ప్రతి మనిషీ ఆ కుర్చీలో కూర్చుని జుట్టు వదిలి వెళ్ళాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ కుర్చీ వెనక నిలబడిన క్షురకుణ్ణి విభాగంలో అందరూ బాబాయి అనే పిలుస్తారు. పెద్ద డాక్టరు కూడా అలాగే పిలుస్తాడు, పైగా 'మీరు' అంటాడు.

బాబాయి చెయ్యి మెత్తన, నోరు తియ్యన. భయంతో బిగుసుకుపోయి వచ్చినవాళ్ళను రెండు మాటలతో సడలించేవాడు. బట్టతల మనిషి వస్తే, "సగం పని మీరే చేసుకొచ్చారు, మీలాంటివాళ్ళే నాకు కావాలి" అనేవాడు. ఒత్తయిన జుట్టున్న ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నేలలో విత్తనం ఉన్నంతకాలం పంటకేం భయం తల్లీ" అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. నవ్విన తల గొరగడం తేలికని ఆయన అంటూండేవాడు.

ఆయన ఈ పని తండ్రి దగ్గర, వీధి చివరి దుకాణంలో నేర్చుకున్నాడు. కత్తి పట్టడానికంటే ముందు తండ్రి ఒక మాట నేర్పాడు. "కుర్చీలో చూసింది కుర్చీలోనే వదిలెయ్యాలిరా." పెద్దమనిషి జుట్టుకు రంగు వేసుకుంటాడు, మరొకాయన బోడిచోటును పక్క జుట్టుతో కప్పుకుంటాడు, ఇంకొకరికి తలలో పుండ్లుంటాయి. ఇవన్నీ మనకు తెలుస్తాయి, మన నోట రాకూడదు. నోరు జారిన మంగలికి రెండో రోజు గిరాకీ ఉండదని తండ్రి చెప్పాడు. బాబాయి ఆ మాటను ఆస్తిలా దాచుకున్నాడు. దుకాణం వదిలి ఆసుపత్రికి వచ్చాక కూడా దాన్ని వదల్లేదు.

అయితే ఆసుపత్రిలో ఆయన వేళ్ళకు ఇంకొక విద్య కూడా వచ్చింది. వేల తలలు తడిమీ తడిమీ, ఏ దెబ్బ ఎలా తగిలిందో వేళ్ళే చెప్పేవి. మనిషి కిందపడితే దెబ్బ ఎక్కడ తగులుతుంది? టోపీ పెట్టుకుంటే దాని అంచు తల చుట్టూ ఆనే వరస ఉంటుంది చూడండి, దాదాపు ఆ వరసలో తగులుతుంది. నుదురు, కణత పక్క, వెనక బొడిపె. నడినెత్తిన తగలడం అరుదు, పైనుంచి ఏదైనా వచ్చి పడితే తప్ప. బాబాయి దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయనకు ఇది తెలుసని ఎవరికీ తెలియదు, ఎవరూ అడగనూ లేదు.

ఒక సోమవారం ఉదయం ఆ కుర్చీలోకి ముప్పై ఏళ్ళ అమ్మాయి వచ్చింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల దుస్తులు కుట్టే పని ఆమెది. మూడు వారాలుగా తలనొప్పి. ఆ తర్వాత కుడిచెయ్యి పట్టు తప్పి సూది జారిపోసాగింది, మాట ముద్దగా రాసాగింది. స్కాన్ తీస్తే ఎడమపక్క, పుర్రెకూ మెదడుకూ నడుమ పాతరక్తం పేరుకుని మెదడును నొక్కుతోందని తేలింది. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి ఆ రక్తం తీసేస్తే మనిషి మామూలవుతుందని పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ మాట నిజమే.

ఈ జబ్బు ముసలివాళ్ళకు ఎక్కువ, ఇంత చిన్న వయసులో ఎలా వచ్చిందని కూడా ఆయన అడిగాడు. జవాబు భర్త చెప్పాడు. నెల కిందట స్నానాలగదిలో జారిపడిందట. ఆసుపత్రికి రెండు వీధుల అవతల మందుల దుకాణం అతనిది. వార్డులో అందరికీ తెలిసిన మనిషి. మాట మెత్తన, చొక్కా మీద మడత చెదరదు, సెలవురోజున ఎవరికైనా మందు అవసరమైతే షట్టరు ఎత్తి ఇచ్చే రకం. అందరూ షాపాయన అంటారు. మూడు వారాలూ తలనొప్పికి తన దుకాణంలోని మాత్రలే ఇచ్చానని అతనే చెప్పుకున్నాడు. భార్యను ఏం అడిగినా, "ఆవిడకు మాట తడబడుతోంది సార్, నేను చెప్తాను" అనేవాడు. ఆమె తల వంచుకుని వినేది. హెడ్ నర్సు కేసు కాగితంలో 'స్నానాలగదిలో జారిపడుట' అని రాసుకుంది. ఆ కాగితాల్లో సగం ఆడవాళ్ళు స్నానాలగదిలోనే జారిపడతారు, మిగతా సగం మెట్ల మీద.

ఆడవాళ్ళ వంతప్పుడు గొరిగే గదిలోకి ఇంటివాళ్ళను రానివ్వరు కనుక షాపాయన బయట బల్ల మీద, అత్తగారి పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రికి వచ్చినప్పటినుంచి ఆమె పక్కన అతను లేని చోటు అదొక్కటే. ఆడవాళ్ళ వంతు వచ్చినప్పుడు హెడ్ నర్సు గదిలో ఉండాలన్నది నియమం. ఉంది కూడా, కిటికీ దగ్గర నిలబడి కాగితాలు నింపుకుంటోంది.

బాబాయి ముందు జడ కత్తిరించి కాగితంలో చుట్టి ఆమె ఒళ్ళో పెట్టాడు. మళ్ళీ ఎన్నాళ్ళకు పెరుగుతుందని ఆమె ముద్దముద్దగా అడిగింది. నెలకు అర అంగుళం చొప్పున పెరుగుతుందని, తన లెక్క తప్పితే వచ్చి తగువేసుకొమ్మని ఆయన అన్నాడు. ఆమె నవ్వింది. ఆయన జుట్టు తీసే మిషను పెట్టాడు. వెనక నుంచి మొదలుపెట్టి నడినెత్తి దాకా వచ్చాడు. అక్కడ ఆయన చెయ్యి ఆగిపోయింది.

నడినెత్తిన పిడికెడు మేర జుట్టు రెండు అంగుళాలే ఉంది. కత్తిరించిన వెంట్రుక మొన మొద్దుగా ఉంటుంది. వేరుతో ఊడి మళ్ళీ మొలిచిన వెంట్రుక మొన సన్నగా తేలి ఉంటుంది. ఇవి మొలిచిన వెంట్రుకలు. పిడికిలి బిగించి లాగితే ఊడినంత మేర. దాని కింద చర్మం మీద మూడు మచ్చలు ఉన్నాయి. ఒకటి పాతది, ఒకటి అంతకంటే పాతది, ఒకటి ఇంకా గులాబిరంగు వదలనిది.

"బాబాయ్," అంది ఆమె మెల్లగా, "మీ చెయ్యి ఆగింది."

"ఏం లేదమ్మా," అన్నాడాయన.

 ఆమె మళ్ళీ అడిగింది, "లోపల డాక్టర్లకి కూడా కనిపిస్తుందా?"

సిగ్గుపడుతోంది కాబోలనుకున్నాడు బాబాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎందరో అడిగిన ప్రశ్నే అది. బోడిచోటు గురించి, పుండ్ల గురించి, తెల్లజుట్టు గురించి. ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాడు.

"వాళ్ళు తలంతా పచ్చగుడ్డ కప్పేస్తారు తల్లీ. ఆపరేషన్ చేసే చోటు మాత్రం అరచెయ్యంత కిటికీలా వదులుతారు. మిగతాది ఎవరికీ కనిపించదు. నువ్వేం బెంగపెట్టుకోకు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. బెంగ తీరిందనుకున్నాడాయన. కత్తితో మిగతా పని పూర్తిచేసి, తడిగుడ్డతో తల తుడిచి, ఆమెను చక్రాల బండి ఎక్కించాడు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాటికి మాట తేటపడింది. మూడో రోజు పెద్ద డాక్టరు సూదీ దారమూ తెప్పించి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఒక కన్ను మూసి, దారం కొస పెదవులతో తడిపి, మొదటిసారికే సూదిలోకి ఎక్కించింది. వార్డంతా చప్పట్లు కొట్టింది. డాక్టరు కళ్ళు చెమర్చాయని హెడ్ నర్సు తర్వాత అందరికీ చెప్పింది. ఆరో రోజున ఆమె తన కాళ్ళ మీద నడిచి లిఫ్టు దాకా వెళ్ళింది. షాపాయన వార్డుకంతా పళ్ళు పంచిపెట్టాడు. బోర్డు మీద 'నడిచి వెళ్ళినవారు' అన్న గడిలో అంకె ఒకటి పెరిగింది.

లిఫ్టు తలుపు మూసుకునే ముందు ఆమె వెనక్కి తిరిగి చూసింది. బాబాయి తన గది గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు. "జుట్టు పెరిగాక ఒకసారి వచ్చి చూపించు తల్లీ" అన్నాడు.

ఆయన ఆ సంగతి ఊరికే మరిచిపోయాడని మీరు అనుకోకండి.  ఆ అమ్మాయి ఇంకా వార్డులో ఉండగానే హెడ్ నర్సుకు చెబుదామని ఒకసారి ఆమె బల్ల దాకా వెళ్ళాడు కూడా. ఆమె తలెత్తి, "ఏంటి బాబాయ్" అనేసరికి తండ్రి మాట గుర్తొచ్చింది. కొత్త బ్లేళ్ళు ఎప్పుడొస్తాయని అడిగి వచ్చేశాడు. ఊళ్ళోవాళ్ళ కాపురాలు మనకెందుకు, మన పని తల గొరగడం వరకే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. పైగా అంత మర్యాదస్తుడైన మొగుడు. వేళ్ళు పొరబడకూడదని ఎక్కడుంది?

అయిదు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ స్ట్రెచరు పరుగెత్తుకుంటూ వచ్చింది. స్పృహ లేని మనిషి, ఒక కంటిపాప పెద్దదై వెలుగుకు కదలడం లేదు. మెట్ల మీద నుంచి పడిందని కాగితం మీద రాసి ఉంది. పది నిమిషాల్లో తల సిద్ధం కావాలని చెప్పి డాక్టరు లోపలికి పరుగెత్తాడు. మొహం వాచిపోయి ఉండటంతో బాబాయి మనిషిని పోల్చుకోలేదు. జుట్టు రెండున్నర అంగుళాలు ఉంది. మిషను పెట్టి ఎడమపక్క తీయగానే, వేలికొన పట్టేంత గుంటలు రెండు కనిపించాయి. తమ డాక్టరు పెట్టిన రంధ్రాలే.

నెలకు అర అంగుళం. లెక్క తప్పలేదు. చూపించడానికే వచ్చింది.

నడినెత్తిన చర్మం చీలి ఉంది. పాత మచ్చలు మూడూ అలాగే ఉన్నాయి, వాటి పక్కన ఆయన ఎరగనివి ఇంకో రెండు. మిషను మోగుతూనే ఉంది, ఆయన చెయ్యి మాత్రం ఆగింది. చెయ్యి ఆగిందని చెప్పడానికి ఈసారి ఆ అమ్మాయికి నోరు లేదు.

"చూశాను తల్లీ," అన్నాడు బాబాయి పైకే. "చూశాను."

హెడ్ నర్సు ఉలిక్కిపడి ఇటు తిరిగింది. ఇది పడిన దెబ్బ కాదని, పోయినసారి కూడా కాదని, కాగితం మీద రాసుకోమని ఆయన గబగబా చెప్పాడు. చెబుతూనే గొరగడం పూర్తిచేశాడు.  చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ పది నిమిషాల్లో ఇద్దరికీ తెలిసింది.

పెద్ద డాక్టరు మూడు గంటలు పనిచేశాడు. మెదడు వాచిపోయింది, చెయ్యవలసిందంతా చేశాడు. మూడో రోజు ఉదయం రోగులను చూసే వేళకు ఆ అమ్మాయి చనిపోయింది. బోర్డు మీద చివరి గడిలో అంకె ఒకటి పెరిగింది.

నర్సు రాసిన మాటను డాక్టరు పోలీసులకు పంపాడు. వాళ్ళు వచ్చి షాపాయనను తీసుకెళ్ళారు. అంత మంచివాడు ఎందుకు చేస్తాడని వార్డులో సగంమంది అప్పటికీ అంటూనే ఉన్నారు. అతనికి ఎంత శిక్ష పడింది, పడాల్సినంత పడిందా అన్నది ఇంకో కథ. అది రాసే ఓపిక నాకు లేదు.

ఆ అమ్మాయి పోయిన ఉదయం వరండాలో బల్ల మీద ఆమె తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో కాగితం చుట్టిన పొట్లం ఒకటి ఉంది. పోయినసారి బాబాయి కత్తిరించి ఇచ్చిన జడ అది. ఆయన వెళ్ళి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. తాను అప్పుడే చూశానని, చూసి చెప్పలేదని ఆమెకు చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే కాస్త బరువు దిగుతుందని కూడా అనుకున్నాడేమో.

ఆమె తిట్టలేదు. "నాకు ఆరేళ్ళనుంచి తెలుసన్నయ్యా," అంది. "మిమ్మల్నేం అనను? వచ్చి చెప్పుకున్నప్పుడల్లా సర్దుకోమన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది అన్నాను. నలుగురికీ తెలిస్తే మనకే చిన్నతనం అన్నాను. ఇంక నాతో చెప్పడం మానేసింది. చెప్పడం లేదు కదా, తగ్గిందేమో అనుకున్నాను."

పొట్లం మీద చెయ్యి వేసుకుని మళ్ళీ అంది.

"పోయినసారి మీ గదిలోకి వస్తూ నా చెయ్యి పట్టుకుంది. ఆ ముద్దమాటలతోనే నా చెవిలో చెప్పింది. 'ఇవాళ నేనేం చెప్పక్కర్లేదమ్మా, జుట్టు తీస్తారుగా, వాళ్ళే చూస్తారు' అంది. సంతోషంగా వచ్చిందన్నయ్యా మీ దగ్గరికి."

బాబాయికి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. లోపల డాక్టర్లకు కూడా కనిపిస్తుందా? భయంతో అడిగిందనుకున్నాడు. ఆశతో అడిగింది. ఎవరికీ కనిపించదు, బెంగపెట్టుకోకు అని తన నోటితోనే చెప్పాడు. అప్పుడు ఆమె వదిలిన ఊపిరి చెవుల్లో వినబడి, ఆయన రెండు చేతులతో తల పట్టుకుని అక్కడే ఏడ్చాడు. జుట్టుకు రంగు వేసుకున్న పెద్దమనిషి గుట్టునూ, తన్నులు తిన్న ఆడపిల్ల గుట్టునూ ఒకే మూట కట్టి దాచిన మనిషి ఆయన. తండ్రి మాటలో తప్పు లేదు. దుకాణం కుర్చీకి చెప్పిన మాటను ఆసుపత్రి కుర్చీకి తగిలించడమే తప్పు.

ఏడాది చివర ఆ విభాగంలో ఒక సమావేశం జరుగుతుంది. అటెండర్ల నుంచి డాక్టర్ల దాకా అందరూ కూర్చుంటారు, పెద్ద డాక్టరు ఆ ఏడాది ఫలితాలు చదువుతాడు. ఆ ఏడు కూడా చదివాడు. మెదడు గడ్డల వరస అయ్యింది, వెన్నెముక వరస అయ్యింది. పుర్రె కింద పాతరక్తం తీసిన కేసులు నలభై ఒకటి, అందులో ముప్పై ఎనిమిదిమంది నడిచి ఇంటికి వెళ్ళారని చదివాడు. ఇంత మంచి ఫలితం ఇంతకుముందు ఎన్నడూ రాలేదు. కొందరు చప్పట్లు కొట్టారు.

వెనక వరసలో బాబాయి లేచి నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఆ సమావేశంలో నోరు విప్పడం అదే మొదలు.

"ఆ ముప్పై ఎనిమిదిలో ఆ అమ్మాయి కూడా ఉందా సార్?" అని అడిగాడు. "సూదిలో దారం ఎక్కించిన అమ్మాయి."

డాక్టరు కాగితాలు తిరగేశాడు. ఉంది. ముప్పై ఎనిమిదిలో ఒకతి. మరో పేజీలో, మెట్ల మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి చనిపోయినవారి వరసలో కూడా ఉంది. రాసిన చేతులు వేరు, నెలలు వేరు. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం అప్పటిదాకా ఎవరికీ రాలేదు.

బాబాయి తాను చూసిందీ, చెప్పనిదీ, ఆమె అడిగిందీ, తాను ఇచ్చిన జవాబూ ఒక్కటీ దాచకుండా చెప్పాడు. "మీరందరూ కిటికీ అంత చోటే చూస్తారు సార్. తలంతా చూసేది నేనొక్కణ్ణే. నేను నోరు మూసుకుంటే ఆ తలను ఎవరూ చూడనట్టే" అన్నాడు.  హెడ్ నర్సు కూడా లేచింది. మొగుడు చెప్పింది మొగుడి ఎదుటే రాసుకున్నానని, ఆమెను ఒంటరిగా ఒక్క మాట అడగలేదని చెప్పి కూర్చుంది.

 పెద్ద డాక్టరు కలం తీసి ముప్పై ఎనిమిదిని కొట్టేసి ముప్పై ఏడు అని రాశాడు.

"తప్పు బాబాయి ఒక్కరిదే కాదు," అన్నాడు. "ఈ వయసులో ఈ జబ్బు రాదని నాకు తెలుసు. తెలిసే అడిగాను. జవాబు తేలిగ్గా దొరికేసరికి అక్కడే ఆగిపోయాను. రక్తం తీయడం నా పని, అది బాగా చేశాను. కానీ మనం బాగుచేసిన తలను, బద్దలుకొట్టిన చేతికే మళ్ళీ అప్పజెప్పాం. దాన్ని విజయమని బోర్డు మీద రాసుకున్నాం. మనిషి లిఫ్టు దాకా నడిచి వెళ్ళడం ఫలితం కాదు. ఏ ఇంటికి వెళుతోంది, ఆ ఇంట్లో బతకగలదా అన్నదీ మనం చూడాల్సిందే. మౌనం అర్ధాంగీకారమంటారు. మన మౌనం సగం కాదు, పూర్తి అంగీకారమే అయింది."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇప్పుడు ఆ విభాగంలో కేసు కాగితంతో పాటు ఇంకో కాగితం ఉంటుంది. దాని మీద తల బొమ్మ నాలుగు వైపులనుంచీ గీసి ఉంటుంది. గొరగడం అయ్యాక బాబాయి తాను చూసిన మచ్చలన్నీ దాని మీద గుర్తుపెట్టి, వేలిముద్రంత పెద్ద అక్షరాలతో సంతకం చేస్తాడు. ఆడవాళ్ళను ఇంటివాళ్ళు లేకుండా, తలుపు వేసి, తీరికగా అడుగుతారు. ఉండటానికి వేరే చోటు కావాలంటే చూసిపెట్టే మనిషిని పిలుస్తారు. ఇంత చేసినా కొందరు చెప్పరు. కొందరు చెప్పి కూడా అదే ఇంటికి వెళతారు. బాబాయి అటువంటి రోజుల్లో ఎవరితోనూ హాస్యమాడడు.

మొన్న ఒకావిడ ఆ కుర్చీలో కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. స్నానాలగదిలో జారిపడిందట. బాబాయి మిషను పెట్టి నడినెత్తి దాకా వచ్చాడు. చెయ్యి ఆగింది. ఆయన మిషను ఆపి బల్ల మీద పెట్టాడు. కిటికీ దగ్గర హెడ్ నర్సు కూడా కాగితాలు పక్కన పెట్టి ముక్కాలిపీట లాక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమైంది?" అంది ఆవిడ.

"జారిపడితే ఇక్కడ తగలదమ్మా," అన్నాడు బాబాయి. "నేను చూశాను. నువ్వు చెబితే వింటాం. తొందరేం లేదు, డాక్టరుగారు ఆగుతారు."

ఆవిడ కిటికీవైపు తిరిగింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

ఆ కుర్చీలో ఇదే మాట ఆ సోమవారం ఉదయమే వినబడి ఉంటే, ఒక అమ్మాయి ఈపాటికి ఎక్కడో మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండేది. మనందరి చేతులూ ఎక్కడో ఒకచోట ఆగుతూనే ఉంటాయి. పక్కింటి గోడ దగ్గర, కన్నకూతురి భుజం దగ్గర, తోటి పనివాళ్ళ మణికట్టు దగ్గర. కనుక పాఠకులారా, మీ చెయ్యి అలా ఆగిననాడు 'ఏం లేదమ్మా' అని దాటిపోకండి, 'చూశాను' అని చెప్పండి.